వద్దంటే, ఎందుకు వద్దంటున్నారో చూడండి

శ్రోతలకు నమస్కారం. అల్జీమర్స్ వచ్చిన పెద్దవాళ్లను ఇంట్లో ఎలా చూసుకోవాలో ఈరోజు మాట్లాడుకుందాం. ఇళ్లకు వెళ్లి ఇలాంటివారికి సేవ చేసే నర్సుని నేను. ఆ ఇళ్లలో రోజూ చూసేవే చెబుతాను.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే దాదాపు 88 లక్షల మంది. వీళ్లలో ఎక్కువ మందికి ఉండేది అందులో ఒక రకమైన అల్జీమర్సే. డొనెపెజిల్, మెమాంటిన్ లాంటి మందులు కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచుతాయి గానీ పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేలేవు. కాబట్టి ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందన్నది మందుకన్నా దగ్గరుండి చూసుకునేవాళ్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

చాలా ఇళ్లలో గొడవ స్నానం దగ్గర మొదలవుతుంది. "అత్తయ్యా, మూడు రోజులైంది, స్నానం చేయండి" అంటుంది కోడలు. "పొద్దున్నే చేశాను కదా!" అంటుంది ఆవిడ. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే చేశాననుకుంటోంది. కోడలు చెయ్యి పట్టుకుని బాత్‌రూమ్‌లోకి తీసుకెళ్తుంది. ఆవిడ కేకలు పెడుతుంది, ఒక్కోసారి కొడుతుంది కూడా. అప్పుడందరూ అనే మాట, "ఎంత మొండితనమో చూడండి."

ఒక్క నిమిషం ఆవిడ వైపు నుంచి చూడండి. ఇది ఏ గదో తెలియదు. కాళ్ల కింద చల్లటి టైల్స్. ఎవరో వచ్చి చీర విప్పేస్తున్నారు, నెత్తిన చెంబుతో నీళ్లు గుమ్మరిస్తున్నారు. మనమైనా కొడతాం.

అందుకే ముందు నీళ్లు కాచి, తువ్వాలు, బట్టలు, కూర్చోవడానికి స్టూలు అన్నీ సిద్ధంగా పెట్టుకోండి. "స్నానం చేస్తారా?" అని అడిగితే వద్దనే వస్తుంది జవాబు. "నీళ్లు కాగాయి, రండి" అనండి చాలు. ఒంటి మీద ఒక తువ్వాలు అలాగే ఉంచి, దాని కింద నుంచే కడగండి. మొదట పాదాల మీద పోయండి, తర్వాత మోకాళ్ల మీద. తల సంగతి చివర్న, లేదా ఇంకో రోజు. చెంబు ఆవిడ చేతికే ఇవ్వండి, ఎన్నో ఏళ్లుగా అలవాటైన చెయ్యి దాని పని అది చేసుకుంటుంది. అప్పటికీ వద్దంటే వదిలేసి అరగంట ఆగి మళ్లీ రండి. ఆ రోజుకి తడిగుడ్డతో ఒళ్లు తుడిచినా నష్టం లేదు. పాత అలవాట్లు ఈ జబ్బుకి అంత తొందరగా లొంగవు. "ఈరోజు శుక్రవారం కదండీ, తలంటుకోవాలి" అనగానే లేచి వచ్చిన పెద్దావిడను చూశాను నేను.

సాయంత్రాలు ఇంకా కష్టం. పొద్దు వాలేసరికి కంగారు మొదలవుతుంది. 80 ఏళ్ల మనిషి "మా అమ్మ దగ్గరికి వెళ్లాలి" అని గుమ్మం పట్టుకుంటాడు. "మీ అమ్మ ఎప్పుడో పోయింది" అని చెప్పకండి. ఆయనకది ఇప్పుడే విన్న చావు కబురు. "మీ అమ్మగారు ఏం వండేవారు?" అని అడగండి. మాట అటు మళ్లుతుంది, మనిషి కుదుటపడతాడు. చీకటి పడకముందే లైట్లు వేయండి, మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ తగ్గించండి. బయటికి వెళ్లిపోయే అలవాటుంటే జేబులో ఇంటి ఫోన్ నంబర్ చీటీ ఉండాలి. లోపల ఒంటరిగా పెట్టి తాళం మాత్రం వేయకండి.

ఇక ఈ ప్రసంగంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. అల్జీమర్స్ నెమ్మదిగా, నెలలు, ఏళ్ల మీద ముదురుతుంది. నిన్నటిదాకా ఒక రకంగా ఉన్న మనిషి ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా మారిపోయి, అరుస్తున్నా, లేనివి కనిపిస్తున్నాయంటున్నా, మత్తుగా పడి ఉన్నా, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు. నాలుగు రోజులుగా విరేచనం కాకపోయి ఉండొచ్చు. నీళ్లు సరిగా తాగకపోవడం, పంటినొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, ఎవరూ చూడనప్పుడు పడిపోవడం, ఏదైనా కావచ్చు. నొప్పి ఎక్కడో చెప్పలేరు. జ్వరం కూడా రాకపోవచ్చు. అలాంటప్పుడు నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టకుండా వెంటనే డాక్టరుకి చూపించండి. ఇవి చాలావరకు నయమయ్యేవే.

తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. పొలమారుతుంటే నీళ్లచారు అన్నం కన్నా మెత్తగా కలిపిన పప్పన్నం నయం. ముద్ద మింగారో, బుగ్గన పెట్టుకున్నారో చూశాకే రెండో ముద్ద. తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. మంచాన పడ్డవాళ్లను రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. మడమలు, నడుము కింది భాగం రోజూ చూడండి. ఎరుపు తగ్గకుండా ఉంటే పుండు మొదలవుతోందన్నమాటే.

దూరంగా ఉన్న కొడుకులకీ, కూతుళ్లకీ ఒక మాట. అమెరికా నుంచి వీడియో కాల్ చేసి "నాన్న బాగానే మాట్లాడుతున్నాడే, వదిన ఊరికే టెన్షన్ పడుతోంది" అనుకోకండి. పది నిమిషాల మాటలకి పెద్దాయన ఓపిక తెచ్చుకోగలరు. ఆ తర్వాత రాత్రి మూడు గంటలకి లేచి తలుపు కొట్టేది మీకు కనబడదు. వచ్చినప్పుడు రాత్రులు మీరు చూసుకోండి, వదినని నిద్రపోనివ్వండి. రాలేకపోతే రాత్రిపూట మనిషిని పెట్టే ఖర్చు మీరు భరించండి. నిద్రలేని చేతులతో ఈ సేవ ఎన్నాళ్లో సాగదు.

పెద్దల సమస్యలకి ఎల్డర్‌లైన్ ఉంది, నంబర్ 14567. చూసుకునేవాళ్లకే మనసు బాగోకపోతే టెలీ మానస్, 14416, రాత్రీ పగలూ పలుకుతుంది. రెండూ ఉచితమే. రాసిపెట్టుకోండి. నమస్కారం.