వేళ్ళకు కాస్త చోటు
(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత జీవశాస్త్రం టీచరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ వరసపెట్టి చదివారు. ఐదోసారి నేను కూడా చదివితే వాళ్ళకే ఇబ్బంది. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. నాకిచ్చిన విషయం ‘నా అమెరికా యాత్ర’. టైము ఇరవై నిమిషాలు. మా అమ్మాయి దగ్గర ఐదు నెలలుండి వచ్చాను కాబట్టి చెప్పాలంటే చాలా ఉంది. డిస్నీలాండ్ సంగతులు కావాల్సిన పిల్లలు ఆదివారం మా ఇంటికి రండి, ఫొటోలున్నాయి, జంతికలు కూడా ఉన్నాయి. ఇవాళ మాత్రం ఒక్క చెట్టు గురించే చెబుదామని వచ్చాను. ఒకటి కాదు, రెండు. ఇందాక మన గేటు దాటి లోపలికి వచ్చాక ఆ లెక్క మూడయింది. ఆ మూడోది చివర్లో చెబుతాను.

మా అమ్మాయి వాళ్ళుండేది కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే ఊళ్ళో. జూన్ నెలలో అక్కడి ఎండ మన రోహిణి కార్తెకు ఏమీ తీసిపోదు. అక్కడి నుంచి రెండు గంటలు కొండెక్కితే స్వెటర్ వేసుకోవాలి. ఆ కొండలు సియెర్రా నెవాడా. వాటి పడమటి వాలు మీద, సుమారు 4,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో, సికోయా అనే చెట్టు సహజంగా పెరుగుతుంది. భూమి మీద ఇంకెక్కడా అలా అడవిగా లేదు. ఉన్నది కూడా డెబ్భై, ఎనభై తోపులే. సికోయా నేషనల్ పార్కును 1890 సెప్టెంబరులో పెట్టారు. మొట్టమొదటిదైన ఎల్లోస్టోన్ పార్కు తర్వాత అమెరికాలో అంత పాత నేషనల్ పార్కు ఇప్పుడు ఇంకోటి లేదు.

కారు దిగీ దిగగానే మా అల్లుడు పులిహోర డబ్బా, గోంగూర సీసా పట్టుకుని ఒక ఇనప బీరువా దగ్గరికి నడిచాడు. ఏమిటయ్యా అంటే, తిండి కార్లో వదిలితే ఎలుగుబంట్లు వాసన పట్టి తలుపులు పీకేస్తాయట. అందుకని నడకదారి మొదట్లోనే ఇనప పెట్టెలు పెట్టి ఉంచారు. గొళ్ళెం ఎలుగు పంజాకు అందకుండా లోపలికి ఉంటుంది. మన చెయ్యి మాత్రం దూరుతుంది. నా గోంగూరకు జీవితంలో అంత బందోబస్తు ఎప్పుడూ జరగలేదు.

అక్కడ పెద్ద చెట్టు పేరు జనరల్ షెర్మన్. దాని పక్కదాకా కారు పోనివ్వరు. పైన ఆపుకుని అరమైలు దిగాలి, నాలుగు వందల మెట్ల దాకా ఉంటాయి. నడవలేనివాళ్ళకు పక్కనే వేరే దారుంది. మా అమ్మాయి “అమ్మా, అటు వెళ్దాం, నీ మోకాళ్ళు” అంది. అలిపిరి మెట్లు మూడు వేల అయిదొందలు మూడుసార్లు ఎక్కినదాన్ని, నాలుగొందలకు భయపడతానా అని పౌరుషానికి పోయాను. దిగేటప్పుడు ఏమీ తెలియలేదు. తిరుమల ఎంత ఎత్తు? సుమారు మూడు వేల అడుగులు. ఇది ఏడు వేలు. తిరిగి ఎక్కేటప్పుడు ప్రతి బెంచీ మీదా కూర్చున్నాను. ఒక చోట ఎనభై ఏళ్ళ తెల్లావిడ నన్ను దాటి వెళ్తూ, ఊపిరి నెమ్మదిగా తీసుకో అని సైగ చేసి పోయింది. ఆ సిగ్గు ఇంకా ఉంది.

చెట్టు సంగతి చెబుతాను. ఎత్తు 275 అడుగులు. దానికంటే పొడుగు చెట్లు అదే కాలిఫోర్నియాలో సముద్రం వైపున్నాయి. కానీ ఒక్క మానులో ఇంత కలప ఉన్న చెట్టు బతికున్నవాటిలో ఇంకోటి తెలియదు. 52,500 ఘనపుటడుగులు. మొదట్లో చుట్టుకొలత 102 అడుగులు. ముందు వరసల్లో కూర్చున్న పిల్లలూ, ఒకసారి చేతులు చాపండి. చాపారా? మీలాంటివాళ్ళు పాతికమంది చేతులు కలిపితే గానీ దాన్ని చుట్టలేరు. వయసు రెండు వేల రెండు వందల ఏళ్ళని అంచనా. అమరావతి స్తూపం దగ్గర మనవాళ్ళు ఉలి పట్టుకున్న కాలంలో అది మొక్క.

నాకు నచ్చింది బెరడు. దాల్చినచెక్క రంగు. షెర్మన్ చుట్టూ కంచె ఉంది, ముట్టుకోనివ్వరు. దారికి అడ్డంగా కూలిన మానొకటి ఉంటే దాని మీద చెయ్యి వేశాను. కొబ్బరి పీచే! వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. రెండడుగుల మందం దాకా ఉంటుందట ఆ పీచు. అక్కడే నేల మీద కాయలు పడి ఉన్నాయి, కోడిగుడ్డంత. అంత చెట్టుకి ఇంత కాయా అనుకుని, పాత అలవాటు కదా, ఒకటి సంచిలో వేసుకోబోయాను. “అమ్మా, ఇక్కడ ఒక్క కాయ తీసినా తప్పే” అని మా అమ్మాయి లాగేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలతో ఆకులు, కాయలు ఏరించి హెర్బేరియం చేయించిన టీచర్ని!

కొంచెం ముందుకెళ్తే చాలా చెట్ల మొదళ్ళు నల్లగా కాలి గుహల్లా ఉన్నాయి. ఒకదాంట్లో నేనూ మనవరాలూ నిలబడ్డాం, ఇంకో ఇద్దరికి చోటుంది. తల పైకెత్తితే ఆ మాడిన చెట్టే పచ్చగా కొమ్మలు వేసి ఉంది. అక్కడున్న రేంజరమ్మను అడిగాను, ఎవరు తగలబెట్టారమ్మా ఇలాగ అని. “కొన్ని పిడుగులు, కొన్ని మేమే” అంది. నా ఇంగ్లీషులో తేడా వచ్చిందేమోనని మళ్ళీ అడిగాను. మేమే అంది.

ఆ కాయలున్నాయే, అవి చెట్టు మీద ఇరవై ఏళ్ళ దాకా మూసుకునే ఉండగలవు. కింద మంట వస్తే ఆ వేడి గాలికి ఎండి తెరుచుకుంటాయి. గింజలు రాలతాయి. ఎంత చిన్న గింజలనుకున్నారు? ఒక పౌనుకు తొంభై వేల పైనే. అంత చిన్న గింజ ఆకు చెత్త మీద పడితే వేరు నేలకు అందక ఎండిపోతుంది. మంట ఆ చెత్తను కాల్చి, మట్టిని బయటపెట్టి, పైన ఎండ పడేలా చేస్తే గింజకు పురుడు పోసినట్టు. తల్లి చెట్టుకేమో పీచు కవచం. అందులో తేలిగ్గా అంటుకునే జిగురుండదు.

ఇదంతా తెలియక పార్కు పెట్టాక ఎన్నో దశాబ్దాలు ఎక్కడ పొగ కనిపించినా పరిగెత్తి ఆర్పేశారు. అంతకుముందు అక్కడి ఆదివాసులు అడవిలో చిన్న చిన్న మంటలు పెట్టుకుంటూ వచ్చారు, అదీ ఆగింది. చెట్టు మీద ప్రేమతోనే చేశారండీ, కోపంతో కాదు. ఫలితం ఏమిటంటే పెద్ద చెట్ల కింద పిల్ల మొక్కలు లేవు. దాని బదులు ఎండు పుల్లలు, వేరే చెట్లు కిక్కిరిశాయి. 1964లో హార్టెస్వెల్ట్ అనే శాస్త్రవేత్త బృందం రెడ్‌వుడ్ మౌంటెన్ తోపులో కొద్దిచోట కావాలని నిప్పుపెట్టి చూస్తే మొక్కలు మొలిచాయి. ఆ దశాబ్దం చివరికల్లా పార్కువాళ్ళే పద్ధతిగా మంటలు పెట్టడం మొదలుపెట్టారు.

కానీ అప్పటికే పేరుకున్నది చాలా ఉంది. పైగా కరువు, పెరిగిన వేడి. 2020, 2021లో వచ్చిన కార్చిచ్చులకు పెద్ద సికోయాల్లో నూటికి 13 నుంచి 19 దాకా పోయాయని లెక్క. నిప్పుతో స్నేహం చేసిన చెట్టు నిప్పుకే పోయింది. 2021లో మంట దగ్గరికొస్తుంటే షెర్మన్ మొదలుకు అల్యూమినియం దుప్పటి చుట్టారు, మనం ఇడ్లీలు పార్సిల్ కట్టే రేకు రంగులో. ఆ తోపు చాలావరకు బతికింది. కారణం రేకు ఒక్కటే కాదు, అంతకు ముందు దశాబ్దాలుగా అక్కడ పెట్టిన చిన్న మంటలు. అక్కడ ఎవరినడిగినా ఇదే చెప్పారు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఎనిమిది నిమిషాలే ఉన్నాయని చీటీ వచ్చింది. చెప్పేస్తాను. 1886 ప్రాంతంలో కొందరు సోషలిస్టులు అక్కడ కవీయా కాలనీ పెట్టుకుని, అడవిలోకి వాళ్ళే చెమటోడ్చి రోడ్డు వేశారు. ఈ షెర్మన్ చెట్టుకు వాళ్ళు పెట్టుకున్న పేరు కార్ల్ మార్క్స్ చెట్టు. వెనక వరసలో మన కామ్రేడ్ గారు నవ్వుతున్నారు. సర్కారు పార్కు పెట్టింది, కాలనీ చెదిరింది, మార్క్స్ పోయి సైన్యాధికారి షెర్మన్ మిగిలాడు. చెట్టు ఏ పార్టీలోనూ చేరలేదు.

నాకు అంతకంటే నచ్చిన మనిషి కెప్టెన్ చార్లెస్ యంగ్. నల్లజాతి అధికారి. 1903 వేసవిలో పార్కు బాధ్యత ఆయనది. ఆయన దళం ఆ ఒక్క వేసవిలో పెద్ద చెట్ల దాకా బండి రోడ్డు పూర్తిచేసింది. సంతోషంతో ఒక చెట్టుకు ఆయన పేరు పెడతామన్నారు. ఆయన వద్దన్నాడు, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టించాడు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మీకు ఇదే అభిప్రాయం ఉంటే అప్పుడు చూద్దాం అన్నాడట. 1922లో చనిపోయాడు, ఇరవై ఏళ్ళు నిండలేదు. ఆయన పేరుతో చెట్టు 2004లో వచ్చింది.

ఆయన సంగతి చదువుతుంటే నాకు మన హైస్కూలు గుర్తొచ్చింది. ఇప్పుడు రెండో చెట్టు.

ఏ హైస్కూలో చెప్పను, ఇక్కడున్న సగం మందికి తెలుసు. గ్రౌండ్‌లో వేప చెట్టు. ఏప్రిల్లో క్లాసు గదిలో ఉడికిపోతుంటే నేను బ్లాక్‌బోర్డు తెప్పించి దాని కిందే చెప్పేదాన్ని. పూత రాలి పిల్లల నోట్సుల మీద పడేది. నేను రిటైరయ్యే ముందు కొందరు పూర్వ విద్యార్థులు మంచి మనసుతో చందాలు వేసుకుని దాని చుట్టూ అరుగు కట్టించారు. మాను చుట్టూ రెండడుగుల ఎత్తున మట్టి పోసి, దిమ్మిస కొట్టి, మానును ఆనుకుని సిమెంటు, పైన గ్రానైటు. వర్షం చుక్క లోపలికి పోవడానికి సందు లేదు. ప్రారంభోత్సవానికి షామియానా, లడ్డూలు. దాతల పేర్లతో నల్లరాతి పలక. అందులో నాలుగో పేరు నాది. పక్కన చెక్కించారు, ‘స్కూల్ అసిస్టెంట్, జీవశాస్త్రం’.

వేళ్ళు కూడా గాలి పీలుస్తాయి అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో నాకే లెక్క లేదు. మూలకేశాలు బొమ్మ వేసి భాగాలు గుర్తింపుము, ఐదు మార్కులు. ఆ టీచరే రెండు వేలు ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, లడ్డూ తినొచ్చింది.

మొదటి ఏడు చిటారు కొమ్మలు ఎండాయి. చీడ అన్నారు. రెండో ఏడు ఒక పక్కంతా. నాలుగో వేసవికి ఇంక చిగురు రాలేదు. ఎవరూ గొడ్డలి పట్టలేదు. మానును కోసి తీసుకెళ్ళారు, అరుగు మాత్రం నిక్షేపంగా ఉంది. పిల్లలు ఎండలో దాని మీద కూర్చోలేరు, గ్రానైటు కాలుతుంది. నా పేరు చెక్కు చెదరలేదు.

అక్కడ, ఆ సికోయా తోపులో, చెట్ల మధ్య ఇళ్ళు, అంగళ్ళు, బసలు ఉండేవట. అంత పెద్ద చెట్టుకు లోతైన తల్లివేరు ఉండదు. వేళ్ళు పన్నెండు, పద్నాలుగు అడుగులకు మించి దిగవు, పక్కకు మాత్రం వంద అడుగులు దాటి పాకుతాయి. జనం తొక్కిడికి, కట్టడాలకు ఆ నేల గట్టిపడిపోతోందని తెలిసి 280కి పైగా కట్టడాలు పీకేశారు. వ్యాపారం నడుస్తున్నవే. మిగిలిన పాత అంగడి ఒకటి ఇప్పుడు మ్యూజియం. నాలుగొందల మెట్లు ఎక్కుతూ ఆయాసపడి తిట్టుకున్నాను గానీ, కారు దూరంగా ఆపించింది, కంచె కట్టించింది ఆ పాకే వేళ్ళ కోసమే.

రెండు నిమిషాలని ఇంకో చీటీ. అయిపోయిందండీ, మూడో చెట్టు దగ్గరికే వస్తున్నాను.

మన లైబ్రరీ ఆవరణలో నిద్రగన్నేరు ఉంది. దాని కింద పేపరు చదవని వాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి. ఇందాక గేటు పక్కన పేవర్ బ్లాకులు పేర్చి ఉండటం చూశాను. వాచ్‌మన్‌ను అడిగితే, “చెట్టు మొదలు దాకా పరిచేస్తారమ్మా, బురద ఉండదు” అన్నాడు. అధ్యక్షుల వారూ, ఆవరణ బాగుచేస్తున్నందుకు మీకు నిజంగా దండం పెడుతున్నాను. బురదలో జారి పడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. పరచండి. మాను చుట్టూ పదడుగులు మాత్రం మట్టి వదలండి. పదిహేనైతే ఇంకా మంచిది. ఆ చోటుకు పలక వద్దు, చందా వద్దు. నా పేరైతే అసలు వద్దు.

అధ్యక్షుల వారు తల ఊపారు, అందరూ చూశారు కదా. మేస్త్రి రేపు పొద్దున్నే వస్తాడట, అందుకని ఇవాళే సున్నం గీత గీసేద్దాం. నా సంచిలో కుట్టుమిషను టేపు ఉంది, ఐదడుగులే. రెండుసార్లు వేయాలి, పదిహేనంటే మూడుసార్లు. టీ తాగాక ముందు వరస పిల్లలు ఇద్దరు రండి, ఒక కొస పట్టుకోవాలి. వాచ్‌మన్ దగ్గర సున్నం డబ్బా అడిగి ఉంచాను.