సేలం బజారు వద్దు, డాన్వర్స్ దారి పట్టండి

నమస్కారం. అమెరికాలో బోస్టన్ వైపు వెళ్లిన మనవాళ్లు చాలామంది సేలం కూడా చూసి వస్తారు. 1692లో మంత్రగత్తెలన్న నేరం మోపి 19 మందిని ఉరి తీసిన కథ మీదే ఆ ఊరు బతుకుతోంది. పోలీసు కార్ల మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మే! బజారు నిండా మొనదేలిన టోపీలు, మైనపు బొమ్మలు. నా లెక్కలో ఆ బజారుకు అయిదుకు ఒకటిన్నర. అదీ పిల్లలు సరదా పడతారని.

అక్కడ చూడదగ్గది పాత శ్మశానం పక్కనున్న స్మారకం. ప్రవేశించే చోట గడపరాళ్ల మీద నిందితుల మాటలు చెక్కారు. 'నేను నిర్దోషిని' అని మొరపెట్టుకుంటున్న వాక్యం మధ్యలోనే గోడ కిందికి పోయి ఆగిపోతుంది. టికెట్టు లేదు, మైకు గోల లేదు. దీనికి నాలుగున్నర ఇస్తాను.

అసలు కథ నడిచింది మాత్రం అప్పటి సేలం విలేజ్‌లో, అంటే ఇప్పటి డాన్వర్స్‌లో. పాదరీ శామ్యూల్ పారిస్ ఇంటి పునాదిరాళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. ఆయన జీతం దగ్గర, పొయ్యి కట్టెల దగ్గర ఊరు రెండుగా చీలింది. గడ్డకట్టే చలిలో ఆ ఇంట్లోనే ఆయన తొమ్మిదేళ్ల కూతురికి, పదకొండేళ్ల మేనకోడలికి మూర్ఛలు మొదలయ్యాయి. అది మంత్రగత్తెల పనే అన్నారు.

తర్వాత నిందితుల్లో ఒకరైన రెబెక్కా నర్స్ (నర్స్ అన్నది ఇంటిపేరు) ఇంటికి వెళ్లండి. ఈ వీడియో చేసింది దీనికోసమే. అరెస్టయ్యేనాటికి ఆమెకు 71 ఏళ్లు. చెవులు సరిగా వినపడవు. ఆమె మీద శారా హోల్టన్ అనే పొరుగావిడ ఇచ్చిన వాంగ్మూలం వినండి. హోల్టన్ల పందులు రెబెక్కా వాళ్ల పొలంలో పడ్డాయట. రెబెక్కా వచ్చి తిట్టిపోసిందట. 'మా పందుల మెడకు కంచె దూరకుండా కాడి ఉంది, వాళ్ల కంచే కూలి ఉంది' అని శారా వాదన. ఆ తగాదా తర్వాత కొద్దికాలానికి శారా భర్త గుమ్మంలోనే పడిపోయాడు, వేసవంతా మంచం పట్టి చనిపోయాడు. మూడేళ్ల కిందటి కంచె తగాదా కోర్టులో మంత్రవిద్యకు సాక్ష్యమైంది! బాణామతి పేరుతో జరిగిన దాడుల వార్తలు చదివినవాళ్లకు ఈ తీరు కొత్తేమీ కాదు.

జ్యూరీ మొదట ఆమెను నిర్దోషి అంది. కోర్టులో గగ్గోలు పుట్టింది. ఆమె అన్న ఒక మాట మీద మళ్లీ ప్రశ్న వేస్తే, వినపడక జవాబివ్వలేదు. దానితో తీర్పు తిరగబడింది. జులై 19న ఉరి తీశారు. నేరం ఒప్పుకున్న టిటుబా, అంటే పారిస్ ఇంట్లోని బానిస, మాత్రం బతికి బయటపడింది. అబద్ధమాడితే ప్రాణం దక్కే కోర్టు అది!

రెబెక్కా ఇంటి ఆవరణలోని ప్రార్థనామందిరం పాతది కాదు, 1980లలో ఒక టీవీ చిత్రం కోసం కట్టిన నమూనా. అయినా లోపలి బల్లల మీద కాసేపు కూర్చోండి. వీపు నొప్పెడుతుంది. పొయ్యి లేని అలాంటి మందిరంలో గంటల తరబడి ప్రసంగాలు వినేవారు, ఎవరి హోదాను బట్టి వారికి చోటు. వెనక కుటుంబ శ్మశానంలో 1885లో నిలిపిన స్మారకస్తంభం ఉంది.

డాన్వర్స్‌కు అయిదుకు అయిదు. ఇల్లు తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి. అక్టోబరులో అయితే సేలం వైపు కారు తీసుకెళ్లకండి, ఆపుకోవడానికి చోటు దొరకదు.