సిలిండర్ వెనక పేటెంటు

(చెన్నైలో తెలుగు ఏసీ మెకానిక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఏసీల్లో వాడే గ్యాసు ఆర్-22 వెనక్కి తగ్గి ఆర్-410ఏ వచ్చింది. అది నిలదొక్కుకునేలోపే ఆర్-32 వచ్చింది. మారిన ప్రతిసారీ గేజీలు, హోసులు, నూనె కొనుక్కున్నది మీరు. మరి ముట్టింది ఎవరికి?

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. సీఎఫ్‌సీలనే పాత ఫ్రిజ్ గ్యాసుల మీద పేటెంటు గడువు తీరిపోయిందని, వాటిని తయారుచేసే అమెరికా కంపెనీ డూపాంట్ ఓజోన్ కథ అల్లించిందంటారు. కాదు. సీఎఫ్‌సీల క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మోలీనా, రోలండ్ చెబితే ఎదురుతిరిగింది ఆ పరిశ్రమే. 1986లో స్వరం మార్చింది. 1987లో ఓజోన్‌ను తినే గ్యాసులను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1988 మార్చిలో సీఎఫ్‌సీల తయారీ ఆపేస్తామని డూపాంట్ ప్రకటించింది. ఇందులో కుట్ర లేదు, వ్యాపారం లెక్క ఉంది. పాత గ్యాసు ఎవరైనా చేయగలరు, కొత్తది చేయగలిగినవాళ్లు కొద్దిమందే.

అసలు విడ్డూరం ఆర్-22 ఫ్యాక్టరీల్లో జరిగింది. 100 కిలోల ఆర్-22 తయారైతే రెండు మూడు కిలోల హెచ్ఎఫ్‌సీ-23 అనే, భూమిని వేడెక్కించే గ్యాసు ఊరికే పుడుతుంది. దాన్ని కాల్చేస్తే కార్బన్ క్రెడిట్లు ఇచ్చారు, అంటే టన్ను కార్బన్ డయాక్సైడు తగ్గించినందుకు ఒకటి చొప్పున అమ్ముకోగల పత్రాలు. అప్పటి లెక్కలో దాని ఒక్క కిలో 11.7 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానం. అంటే మూడు కిలోలకు 35 క్రెడిట్లు. చెత్త కాల్చినందుకు సరుకు అమ్మినదానికంటే ఎక్కువ వస్తే ఎవరు మానతారు? 2013 మేలో యూరప్ ఆ క్రెడిట్లు తీసుకోవడం మానేసింది. 2016లో మన ప్రభుత్వం సొంత ఖర్చుతోనే కాల్చమని ఉత్పత్తిదారులకు చెప్పింది.

అదే ఏడాది రువాండా రాజధాని కిగాలిలో, మాంట్రియల్ ఒప్పందానికి సవరణగా, ఆర్-410ఏ, ఆర్-32 లాంటి హెచ్ఎఫ్‌సీల తగ్గింపు ఖరారైంది. తగ్గింపు లెక్కకు ప్రాతిపదిక చైనాకు 2020-22 సంవత్సరాలు, మనకు 2024-26. ఆ మూడేళ్ల సగటు వాడకానికి ఆర్-22 లాంటి పాత హెచ్‌సీఎఫ్‌సీల కోటాలో 65 శాతం కలిపితే వచ్చేదే మన పరిమితి. 2028లో అక్కడ ఆగాలి, 2032లో 10 శాతం, 2047కల్లా 85 శాతం తగ్గాలి. ఆ మూడేళ్లలో ఎంత ఎక్కువ వాడితే కోటా అంత పెద్దది. మన పక్కనున్న శ్రీసిటీలో ఏసీ ప్లాంట్లు వరుసగా లేచింది కూడా ఈ కాలానికి కాస్త ముందు నుంచే. కారణం ఇదొక్కటే అనను గానీ, రెండూ కలిసొచ్చాయి.

ఆర్-32 మీద తన పేటెంట్లను డైకిన్ 2011లో వర్ధమాన దేశాలకు, 2015లో అందరికీ ఉచితంగా వదిలింది. ధర్మం కాదు, మార్కెట్ తన గ్యాసు వైపు తిరగాలని. ఆర్-290, అంటే మండే గ్యాసు ప్రొపేన్ సంగతి వేరు. ఆ గ్యాసు ఎవరి సొత్తూ కాదు, కాబట్టి దాని తరఫున గట్టిగా మాట్లాడేవాడూ తక్కువే. షాపుల్లోని బాటిల్ కూలర్లకు 150 గ్రాముల గ్యాసు పరిమితిని 500కు పెంచడానికి అంతర్జాతీయ ప్రమాణాల కమిటీకి 2019 దాకా పట్టింది.

అయితే ఆ పరిమితి వట్టి రాజకీయం కాదు. పాత ఆర్-22 మెషిన్‌లో ప్రొపేన్ ఎక్కిస్తున్నవాళ్లున్నారు. ప్రెషర్ దగ్గరదగ్గరే, మినరల్ ఆయిల్ మార్చక్కర్లేదు, చల్లదనమూ బాగుంటుంది. అందుకే ఆశ పుడుతుంది. కిలో ఆర్-22 పట్టే ఒకటిన్నర టన్ను మెషిన్‌కు సుమారు 420 గ్రాముల ప్రొపేన్ కావాలి. గోడకు బిగించిన యూనిట్‌కు ప్రమాణాల సూత్రం వేస్తే 10 చదరపు మీటర్ల గదికి 240 గ్రాములే చెల్లుతుంది. 420కి 31 చదరపు మీటర్లు కావాలి. ఇక్కడి పడకగదులు అంతంత ఉంటాయా? పైగా సముద్రం దగ్గర తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ వైపు ఉప్పుగాలికి కాయిల్ త్వరగా చిల్లులు పడుతుంది. పాత యూనిట్‌లో రిలేలూ కాంటాక్టర్లూ నిప్పురవ్వను దాచేలా చేసినవి కావు. కాబట్టి ఆ పని చేయొద్దు.

ఆర్-410ఏ, ఆర్-32 విషయంలో తప్పు ఇంకో రకం. కండెన్సర్ 50 డిగ్రీల దగ్గర ఆర్-22 హైసైడు 270 పీఎస్ఐ చూపిస్తే ఆర్-410ఏ 430 చూపిస్తుంది. పాత హోసు ఆగదు. వీటిలో పీఓఈ లాంటి కొత్త సింథటిక్ నూనెలుంటాయి, గాలిలో తేమను లాగేస్తాయి. డబ్బా మూత తీసి పెట్టకండి, వ్యాక్యూమ్ 500 మైక్రాన్లకు దింపండి.

ఇక మాంట్రియల్ ఒప్పందంలోని పెద్ద బొక్క. అది లెక్కపెట్టేది ఉత్పత్తిని, దిగుమతిని, ఎగుమతిని. మీరు పాత యూనిట్ విప్పి గాల్లోకి వదిలిన కిలో ఆర్-22 ఏ దేశం లెక్కలోనూ పడదు. కొత్త గ్యాసు అమ్మేవాడికి పాతది తిరిగి కొనే అవసరం లేదు. అందుకే పాత గ్యాసును లాగి సిలిండర్‌లో పట్టే రికవరీ మెషిన్ చాలామంది దగ్గర మూలన పడి ఉంది. అయినా వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: సిలిండర్‌ను 80 శాతానికి మించి నింపొద్దు. మే ఎండలో మేడ మీద పెడితే లోపల ద్రవం ఉబ్బుతుంది, ఖాళీ లేకపోతే సిలిండరే పగులుతుంది.