నామమా, త్రిశూలమా: పక్కపక్కన కూర్చుని ఆడే ఆటలు

(సంక్రాంతి సెలవుల్లో కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి.

వీడియో గేముల మీద మాట్లాడతానంటే గ్రంథాలయం పెద్దలు కాసేపు నా మొహంకేసి చూశారు. "పిల్లలు ఇప్పటికే ఫోను వదలట్లేదమ్మా, పండక్కొచ్చి నువ్వు కూడానా?" అన్నారొకాయన. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఒక్కడే మూల కూర్చుని, తల వంచుకుని ఆడే ఆటల జోలికి నేను పోను. ఒకే గదిలో, ఒకే టీవీ ముందు, ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగులుతుండగా ఆడే ఆటల గురించి చెబుతాను.

మా చిన్నప్పుడు, తొంభైల్లో, బస్టాండు దగ్గర వీడియో గేముల కొట్టొకటి ఉండేది. గంటకింతని డబ్బులు తీసుకునేవాడు. నాలుగు టీవీలు, ఒక టేబుల్ ఫ్యాను, కాళ్ళు ఊగే కుర్చీలు. మా అన్నయ్య లోపల, నేను గుమ్మంలో. ఆడపిల్లకి అక్కడేం పనని లోపలికి రానిచ్చేవారు కాదు. గుమ్మంలోంచి చూస్తే టీవీ తెర మీద వెలుగు పడి ఏమీ కనబడేది కాదు. దాంతో ఆడేవాళ్ళ మొహాలే చూస్తూ నిలబడేదాన్ని. ఎవడు గెలుస్తున్నాడో, ఎవడు పక్కవాడిని మోసం చేయబోతున్నాడో మొహం చూసి చెప్పేసేదాన్ని.

అప్పట్లో అందరూ ట్యాంక్ గేమ్ అనేవారు, గుర్తుందా? దాని అసలు పేరు బ్యాటిల్ సిటీ, 1985 నాటిది. ఇద్దరూ కలిసి తమ స్థావరాన్ని కాపాడుకోవాలి. కానీ నీ గుండు నీ జోడీకి తగిలితే వాడు కాసేపు కదలకుండా ఆగిపోతాడు. గురి తప్పితే మీ స్థావరాన్ని మీరే పేల్చుకోవచ్చు. శత్రువుల వల్ల ఓడిపోయిన వాళ్ళకంటే ఇలా ఓడిపోయిన వాళ్ళే ఎక్కువ ఆ కొట్లో. కాంట్రా అనే ఇంకో ఆటలో జలపాతం ఎక్కే ఘట్టం కూడా అంతే. పైవాడు తొందరపడి గెంతుకుంటూ పోతే తెర వాడితోపాటు పైకి జరుగుతుంది. కిందవాడు అడుగున పడి చస్తాడు. "ఆగరా, ఆగరా బాబూ" అన్న కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అసలు తొలినాటి వీడియో గేములు చాలావరకు ఇద్దరి కోసమే. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనశాలలో విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతికశాస్త్రవేత్త, చూడ్డానికొచ్చే జనానికి విసుగు రాకుండా ఆసిలోస్కోపు అనే, విద్యుత్ తరంగాల్ని గీతలుగా చూపించే యంత్రం తెర మీద టెన్నిస్ ఆట పెట్టాడు. చెరో పెట్టె, చెరో బటను. 1962 నాటి స్పేస్‌వార్ అనే ఆటలో ఇద్దరు, 1972 నాటి పాంగ్ అనే ఆటలో ఇద్దరు. తర్వాత ఇంటర్నెట్ వేగం పెరిగింది. పెద్ద కంపెనీలు జనాన్ని ఎవరి గదిలో వాళ్ళని కూర్చోబెట్టి, ఊరూ పేరూ తెలియనివాళ్ళతో ఆడించడం మొదలుపెట్టాయి. అక్కణ్నుంచి పక్కన కుర్చీ ఖాళీ అయిపోయింది.

ఆ కుర్చీని మళ్ళీ వేసింది ఇండీలు. ఇండీ అంటే పెద్ద కంపెనీ అండ లేకుండా ఒకరో ఇద్దరో, మహా అయితే పదిమందో కూర్చుని తయారుచేసుకునే ఆట. వీళ్ళు పక్కపక్కన ఆడే ఆటల వైపు రావడానికి స్నేహం మీద ప్రేమ ఒక కారణమైతే, డబ్బు లెక్క ఇంకొకటి. ఆన్‌లైన్ ఆటకి సర్వర్లు కావాలి, వాటిని ఏళ్ళ తరబడి నడపాలి. పైగా ఏ వేళప్పుడు చూసినా ఆడేవాళ్ళు వేలల్లో ఉండాలి. లేకపోతే కొన్నవాడు తెరిచి చూసి, అవతల ఎవరూ లేక మూసేస్తాడు. ఒకే గదిలో ఆడే ఆటకి ఆ బెంగ లేదు. జనాన్ని కొన్నవాడే తెచ్చుకుంటాడు. పండగ పూట మనిళ్ళల్లో జనానికి కరువా?

ముందుగా టవర్‌ఫాల్. మ్యాడీ థోర్సన్ చేసిన ఆట ఇది, 2013లో మొదట వచ్చింది. సెలెస్ట్ అనే ఆట తర్వాత చేసింది కూడా ఆమే. టవర్‌ఫాల్‌లో నలుగురు విలుకాళ్ళు, చేతిలో తలా కొన్ని బాణాలు. వేసిన బాణం గోడకి గుచ్చుకుని అక్కడే ఉంటుంది. ఎవరికి దొరికితే వాళ్ళది. గోళీలాటలాగే అనుకోండి, గురి చూసి కొట్టడం సగమే, కొట్టాక నీ గోళీ ఎవడి చేతికి చిక్కుతుందన్నది మిగతా సగం. సరైన క్షణంలో తప్పుకుంటే మీదికొచ్చే బాణాన్ని చేత్తో పట్టేసుకోవచ్చు కూడా. రౌండు అయ్యాక ఆఖరి దెబ్బని మళ్ళీ చూపిస్తుంది. మా ఇంట్లో ఆటకంటే ఆ రీప్లే మీదే ఎక్కువ గొడవ. "అది నా బాణం కాదు" అని మా మేనల్లుడు టీవీ దాకా వెళ్ళి వేలు పెట్టి చూపించాడొకసారి.

ఓవర్‌కుక్డ్ గురించి చాలామందికి తెలిసే ఉంటుంది. ఇంగ్లండులో ఫిల్ డంకన్, ఒలీ డెవైన్ అని ఇద్దరే కలిసి చేసి 2016లో విడుదల చేశారు. మరుసటేడు బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డులు రెండు తెచ్చుకుంది. చెప్పడానికి ఏముంది, వంట. మూడు ఉల్లిపాయలు తరిగి కుండలో వేస్తే సూపు. వడ్డించాలి, ఎంగిలి పళ్ళాలు తిరిగొస్తాయి, కడగాలి. కుండ మర్చిపోతే మంట అంటుకుంటుంది. ఇంతే. కానీ ఒక వంటగది పక్కపక్కన పరిగెడుతున్న రెండు లారీల మీద ఉంటుంది, అవి దగ్గరికొచ్చినప్పుడే అటూ ఇటూ మారాలి. ఇంకోటి ఓడలో ఉంటుంది, ఓడ ఒరిగినప్పుడల్లా బల్లలు జారిపోతాయి. ఒక్కడే అన్నీ చేసేద్దామంటే కుదరకుండా కట్టారు ఆ వంటగదుల్ని.

మొన్న భోగి ముందు రోజు మా అమ్మ వాళ్ళు అరిసెలు వండుతుంటే నాకు ఓవర్‌కుక్డ్ చూస్తున్నట్టే అనిపించింది. పాకం చూసేది పిన్ని. అది ముదిరితే అరిసె రాయైపోతుంది కాబట్టి ఆవిడని ఎవరూ పలకరించకూడదు. పిండి కలిపేది ఒకరు, ఆకు మీద వత్తేది ఒకరు, మూకుడు దగ్గర అమ్మ. తీసిన అరిసెని చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కేది నేను. నేను ఫోనొచ్చిందని లేచాను. ఒక్క నిమిషమే. మూకుట్లో నాలుగు నల్లబడ్డాయి, పెట్టడానికి పళ్ళెం ఖాళీ లేదు, ముగ్గురు ఒకేసారి నా పేరు పెట్టి అరిచారు. సాయంత్రం అమ్మ చేతికి కంట్రోలర్ ఇచ్చి ఆ ఆట పెట్టాను. కంట్రోలర్ పట్టుకోవడం ఆవిడకి అదే మొదలు. పది నిమిషాల్లో అందరికీ పనులు పురమాయించడం మొదలెట్టింది. "నువ్వు తరుగు. నువ్వు కడుగు. నువ్వు ఊరికే తిరక్కు." మాకు మూడు నక్షత్రాలు, అంటే పూర్తి మార్కులు, వచ్చిన మొదటి రోజు అది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన దాని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి. కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. మాట్లాడుతూ ఉండండి, ఎవరూ పేలిపోరు అని అర్థం. కెనడాలోని ఒటావాలో స్టీల్ క్రేట్ గేమ్స్ అనే చిన్న బృందం 2015లో తెచ్చింది. ఒకడి ముందు తెర మీద టైం బాంబు ఉంటుంది. దాన్ని ఎలా నిర్వీర్యం చేయాలో వాడికి తెలీదు. మిగతావాళ్ళ చేతిలో 23 పేజీల మాన్యువల్ ఉంటుంది. వాళ్ళకి బాంబు కనబడదు. మధ్యలో ఉన్నది మాటలే. మొదటి బాంబుకి ఐదు నిమిషాల గడువు.

పులి మేక ఆడినవాళ్ళకి ఈ రకం ఆట కొత్త కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాల బలం వేరు, పని వేరు, ఒకే పటం మీద రెండు రకాల ఆట. గుడి అరుగుల మీద చెక్కిన ఆ గీతలు మీరూ చూసే ఉంటారు. ఇక్కడ తేడా ఒక్కటే, పులీ మేకా కలిసి గట్టెక్కాలి.

మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. జిరాక్సు షాపులో తీయించి స్పైరల్ వేయించాను. మా పెదనాన్నగారు రిటైరైన పోస్టుమాస్టరు. కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టారు. బాంబు ముందు పన్నెండేళ్ళ మనవడు.

"తాతయ్యా, మూడు వైర్లున్నాయి."

"ఎర్రది ఉందా?"

"లేదండి."

"అయితే రెండోది కత్తిరించు."

కత్తిరించాడు. పచ్చ దీపం వెలిగింది. చప్పట్లు. తర్వాత గుర్తుల మీట వచ్చింది. నాలుగు వింత గుర్తులుంటాయి, వాటిని మాటల్లో చెబితే తాతయ్య ఏ వరసలో నొక్కాలో వెతికి చెప్పాలి. గ్రీకు అక్షరాలు, ఇంకా ఏవేవో. మనవడు ఒకదాన్ని "త్రిశూలం" అన్నాడు. పెదనాన్నగారు అన్ని వరసలూ వెతికారు. "త్రిశూలం లేదురా ఇందులో." "ఉంది తాతయ్యా, మూడు మొనలు." "లేదంటుంటే!" నిమిషం పోయింది. చివరికి మా వదిన వెనక నుంచి తొంగి చూసి, "మావయ్యగారూ, ఇది కాదండీ?" అని వేలు పెట్టింది. "ఇదా? ఇది నామం కదుటే! నామం అనక త్రిశూలం అంటాడేంటి వీడు?" అది గ్రీకు అక్షరం సై. ఆయనకి దాంట్లో తిరుమల కనబడింది, వీడికి శివాలయం కనబడింది. ఆ వాదం తేలేలోపు బాంబు పేలింది.

రెండోసారి ఇంకో తంటా. ఒక మీట మీద మాట కనబడుతుంది, ఆ మాటేదో చెప్పాలి. "ఏముందిరా?" "నథింగ్ తాతయ్యా." "ఏమీ లేదా, నథింగ్ అని రాసుందా?" ఇక్కడ రెండూ ఉంటాయండి. నథింగ్ అన్న మాటా ఉంటుంది, ఖాళీ తెరా ఉంటుంది, బ్లాంక్ అన్న మాట వేరే ఉంటుంది. రెడ్ అని ఒకటి, రీడ్ అని ఇంకొకటి. చెవికి ఒకేలా వినబడే మాటల్ని ఏరికోరి పెట్టారు. మూడో బాంబు దగ్గరికొచ్చేసరికి మనవడు అక్షరం అక్షరం చెప్పడం నేర్చుకున్నాడు. "ఎన్ ఓ టి హెచ్..." పెదనాన్నగారు టెలిగ్రాములు రాసుకున్నట్టు కాగితం మీద రాసుకుంటున్నారు. గడియారంలో తొమ్మిది సెకన్లు మిగిలుండగా ఆపేశారు. ఆ రాత్రి ఆయన అన్నం తింటూ కూడా అదే మాట్లాడారు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. అల్టిమేట్ చికెన్ హార్స్, మాంట్రియల్ వాళ్ళది, 2016లో వచ్చింది. ప్రతి రౌండులో అందరూ తలా ఒక వస్తువు దారిలో పెట్టి, తర్వాత ఆ దారిలోనే పరిగెత్తాలి. అందరూ చేరితే మరీ తేలికైపోయిందని ఎవరికీ పాయింట్లు రావు. ఎవరూ చేరకపోయినా రావు. అంటే నువ్వు దాటగలిగి, పక్కవాడు దాటలేని గుంట తవ్వాలి. కుళ్ళుబోతు బుర్రలకి బాగా పనికొస్తుంది. గ్యాంగ్ బీస్ట్స్ నవ్విస్తుంది కానీ అరగంటకి విసుగు. కప్‌హెడ్ బొమ్మలు చూసి మోసపోకండి, చాలా కష్టం, పెద్దవాళ్ళు మొదటి నిమిషంలోనే కంట్రోలర్ కింద పెట్టేస్తారు. స్టార్‌డ్యూ వ్యాలీలో వ్యవసాయం చేస్తారు. ఎరిక్ బారోన్ ఒక్కడే చేసి 2016లో తెచ్చాడు, ఒకే తెర మీద పంచుకుని ఆడడం 2020 చివర్లో చేర్చాడు. మా నాన్న పది నిమిషాలు చూసి, "నీళ్ళ తీరువా లేదు, దళారీ లేడు, ఇదేం వ్యవసాయం" అని లేచిపోయారు.

హీవ్ హో మాత్రం మన కోనసీమ వాళ్ళు తప్పకుండా చూడాలి. 2019లో వచ్చింది. ప్రతివాడికీ ఒక తల, రెండు పొడుగాటి చేతులు, అంతే. ఒక బటన్‌తో ఒక చెయ్యి, ఇంకో బటన్‌తో ఇంకో చెయ్యి పట్టు బిగించాలి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా వేలాడుతూ అగాధం దాటాలి. ఎవడు ఎప్పుడు పట్టు వదలాలో అరిచి చెప్పుకోవాలి. కనుమ నాడు జగ్గన్నతోటకి జనం భుజాల మీద గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి వస్తుంటే చూస్తారు కదా. నీళ్ళలో ఒక్కడి అడుగు తడబడితే ప్రభంతా ఒరుగుతుంది, అప్పుడు ఎవరు ఎటు కాయాలో ఒకటే కేకలు. అవే కేకలు ఈ ఆటలోనూ వినబడతాయి.

సరంజామా సంగతి. వీటిలో చాలావాటికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు, టవర్‌ఫాల్‌కి ఇంట్లో మూలపడ్డ లాప్‌టాప్ చాలు. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలపండి. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది పెట్టండి. లేకపోతే టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కూర్చుంటుంది, మీరు నొక్కిన కాసేపటికి మనిషి గెంతుతాడు. ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడితే ఒకేసారి ఎక్కువ మీటలు నొక్కినప్పుడు కొన్ని పనిచేయవు, కాబట్టి ఒక్క కంట్రోలరైనా కొనండి. ఓవర్‌కుక్డ్‌లో ఒకే కంట్రోలర్‌ని చెరో సగం పట్టుకుని ఇద్దరు ఆడొచ్చు. మరీ చవకవి కొనకండి. నేను ఆన్‌లైన్లో కొన్న జత నెలకే ముట్టుకోకుండానే ఎడమవైపు నడవడం మొదలెట్టింది. వాపసు అడిగితే గడువు దాటిందన్నారు. కరెంటు పోతుందని బెంగ వద్దు, ఫ్యాన్లు రెండు ఆపేస్తే ఇన్వర్టరు మీద ఆట సాగుతుంది.

పిల్లలు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్ళు అడుగుతారని తెలుసు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్లో 2019 నుంచి రిమోట్ ప్లే టుగెదర్ అని ఉంది. ఆట ఒక్కరు కొంటే చాలు, ఆడించేవాళ్ళ తెరని అవతలివాళ్ళకి వీడియోలా పంపుతుంది. ఆడించేవాళ్ళ వైపు అప్‌లోడ్ స్పీడు బాగుండాలి. టవర్‌ఫాల్ లాంటి చురుకైన ఆటలకి ఆ ఆలస్యం దెబ్బే. బాంబు ఆటకైతే అదీ అక్కర్లేదు, మామూలు ఫోన్ కాల్ చాలు. మాన్యువల్ ఇక్కడ, బాంబు అక్కడ.

నేను చెప్పేది అయిపోయింది. అక్కడ టీవీ పెట్టాం, నాలుగు కంట్రోలర్లున్నాయి. ముందు బాంబుతో మొదలెడదాం. పెదనాన్నగారు మాన్యువల్ పట్టుకుని ముందు వరసలోనే ఉన్నారు. సై గుర్తు పక్కన పెన్సిల్‌తో 'నామం' అని రాసుకున్నారు, దాని కిందే ఎవరో పెన్నుతో 'త్రిశూలం' అని రాశారు. బాంబు చూడ్డానికి ఒకరు కావాలి. గుమ్మం దగ్గర నీలం గౌను పాపా, ఇందాకట్నుంచీ అక్కడే నిలబడ్డావు. లోపలికి రామ్మా, నీకు కుర్చీ ఉంది.