బీపీ నార్మలే, మరి ధమని సంగతి?

శ్రోతలందరికీ నమస్కారం.

1986 జనవరిలో జపాన్‌లో ఒక వాలీబాల్ మ్యాచ్ జరుగుతోంది. అమెరికా క్రీడాకారిణి ఫ్లో హైమన్ ఆట మధ్యలో బెంచీ మీద కూర్చుని, కూర్చున్నచోటే కుప్పకూలిపోయింది. అంతకు రెండేళ్ల ముందు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో ఆమె ఉంది. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, వయసు 31. గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో తేలింది వేరు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, చిరిగిపోయింది. ఆమెకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉందని బతికుండగా ఎవరూ గుర్తించలేదు. తర్వాత ఆమె సోదరుణ్ణి పరీక్షిస్తే అతనికీ అదే జబ్బని తెలిసి, ముందుగానే ఆపరేషన్ చేశారు.

మార్ఫాన్ దాదాపు 5 వేల మందిలో ఒకరికి ఉంటుంది. శరీరాన్ని కలిపి పట్టి ఉంచే సంయోజక కణజాలంలో ఫిబ్రిలిన్ అనే ప్రొటీన్ సరిగా తయారవదు. ఇలాంటిదే ఎహ్లర్స్-డాన్లోస్ అనే ఇంకో జబ్బు. అందులో రక్తనాళాలను దెబ్బతీసే రకం ఒకటుంది, అక్కడ లోపం కొలాజెన్ అనే ప్రొటీన్‌ది. 2005లో గుర్తించిన లోయ్స్-డీట్జ్ సిండ్రోమ్ కూడా ఈ కోవలోదే. వీటిలో తల్లికో తండ్రికో జబ్బుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా వచ్చేవాళ్లూ తక్కువేం కాదు.

మామూలు హైబీపీలో ఏళ్ల తరబడి ఒత్తిడి పడి ధమని గోడ పాడవుతుంది. ఈ జబ్బులున్నవాళ్లలో గోడే పుట్టుకతో బలహీనం. పాతబడిన సైకిల్ ట్యూబు మామూలు గాలికే ఒకచోట ఉబ్బినట్టు, బీపీ 120 ఉన్నా ధమని కొద్దికొద్దిగా వెడల్పవుతూ పోవచ్చు. అందుకే "బీపీ బాగానే ఉంది కదా" అన్న ధీమా నాకు భయం కలిగిస్తుంది. వీళ్లకు రెండు లెక్కలు కావాలి. ఒకటి ఇంట్లో చూసుకునే బీపీ, రెండోది స్కాన్‌లో తేలే ధమని వెడల్పు.

బీపీ చూసుకోవడంలో చాలామంది పట్టించుకోని విషయం చేతి పట్టీ. మార్ఫాన్ ఉన్నవాళ్ల చేతులు తరచూ పొడవుగా, సన్నగా ఉంటాయి. సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే ఉన్నదానికన్నా తక్కువ బీపీ చూపిస్తుంది. మిషన్ చెప్పింది చూసి నిశ్చింతగా ఉంటాం, లోపల ధమని మీద పడే ఒత్తిడి వేరే ఉంటుంది. భుజానికీ మోచేతికీ మధ్య టేపుతో చుట్టుకొలత తీసుకోండి. పట్టీ మీద ఏ కొలతకు సరిపోతుందో రాసి ఉంటుంది, పోల్చి చూసుకోండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, నాడితో సహా రాసుకోండి. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత కొనసాగించాలి. లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లు కూర్చున్నప్పుడూ, నిలబడ్డాకా చూసి డాక్టరుకు చెప్పాలి. మందు మాత్రం సొంతంగా ఆపకండి, ముఖ్యంగా బీటా బ్లాకర్లు. అవి బీపీతోపాటు గుండె కొట్టే దెబ్బ జోరునూ తగ్గిస్తాయి.

రెండో లెక్క ఎకో పరీక్షది, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. మార్ఫాన్ అని తేలగానే ఒకటి, ఆరు నెలలకు మరొకటి, మార్పు లేకపోతే ఆపైన ఏడాదికొకటి తీయడం మామూలు పద్ధతి. ఇక్కడ మిల్లీమీటర్లు లెక్క, కాబట్టి పాత రిపోర్టులు తప్పక వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్లలో వెడల్పు 5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఇంట్లో ఎవరికైనా ధమని చిరిగి ఉన్నా, వేగంగా పెరుగుతున్నా 4.5 దగ్గరే ఆ మాట వస్తుంది. లోయ్స్-డీట్జ్‌లో తల నుంచి కటి దాకా ధమనులన్నీ చూడాలి. ఎహ్లర్స్-డాన్లోస్‌లోని రక్తనాళాల రకంలో మాత్రం వెడల్పు పెరగకుండానే ధమని చిరగవచ్చు. ధమనిలోకి గొట్టం పంపే పరీక్షలు కూడా వాళ్లకు ప్రమాదమే, తప్పనిసరైతేనే చేస్తారు.

సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్‌ల గురించి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ధమని జబ్బున్నవాళ్లకు వేరే దారి ఉంటే అవి ఇవ్వవద్దని. జ్వరానికో మూత్రంలో మంటకో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు మీ జబ్బు పేరు చెప్పండి. ఊపిరి బిగబట్టి బరువులెత్తే వ్యాయామాలు వద్దు. గర్భం దాల్చాలనుకునేవాళ్లు అంతకు ముందే ధమని స్కాన్ చేయించుకోవాలి.

ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తే ఆలస్యం చేయకండి. ఈసీజీ నార్మల్‌గా రావచ్చు, వయసు చూసి గ్యాస్ అని పంపించేయవచ్చు. ఎమర్జెన్సీలో అడుగు పెట్టగానే "నాకు మార్ఫాన్ ఉంది, బృహద్ధమనికి వెంటనే సీటీ స్కాన్ చేయండి" అని స్పష్టంగా అడగండి. నొప్పిలో మీరు మాట్లాడలేకపోవచ్చు, కాబట్టి ఈ వాక్యం ఇంట్లోవాళ్లందరికీ నేర్పండి. చివరి ఎకో రిపోర్టు ఫోటో వాళ్ల ఫోన్లలో కూడా ఉంచండి.