2028 అమెరికా ఎన్నిక: బరిలో గట్టివాళ్ళు ఎవరు?

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో తర్వాతి అధ్యక్ష ఎన్నిక 2028 నవంబర్ 7న. ఎవరు గెలుస్తారన్న చర్చ మన టీవీ చానళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడో మొదలైపోయింది. ఫలానా ఆయనకు ఇంత శాతం, ఫలానా ఆవిడకు ఇంత శాతం అంటూ సర్వేల మీద సర్వేలు వస్తున్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటాయి ఈ లెక్కలు. 2007లో దాదాపు ఏడాది పొడుగునా రిపబ్లికన్ సర్వేల్లో ముందున్నది న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జూలియాని. 2008 జనవరి దాటేసరికి ఆయన పోటీలోనే లేరు. డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్‌కు తిరుగులేదనుకున్నారు, పార్టీ అభ్యర్థిత్వం (నామినేషన్) బరాక్ ఒబామాకు దక్కింది. 2016 ఎన్నికకు ఫ్లోరిడా మాజీ గవర్నర్ జెబ్ బుష్ కోసం ఆయన మద్దతుదారులు పది కోట్ల డాలర్లకు పైగా పోగుచేశారు. చివరికి ఆయనకు దక్కిన డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, నలుగురు.

పేరునీ, డబ్బునీ, సర్వేలనీ నమ్ముకోకపోతే మరి దేన్ని చూడాలి? ఇంట గెలిచి రచ్చ గెలవాలని మన పెద్దలు చెప్పిన మాటే నాకు అన్నిటికన్నా సరైన కొలబద్దగా కనిపిస్తుంది. ఇక్కడ ఇల్లంటే సొంత పార్టీ ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లు తేల్చే తొలి పోటీలు. రచ్చ అంటే పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాలు. ఈ మూడూ 2016లో ట్రంప్‌ను గెలిపించాయి, 2020లో బైడెన్‌ను గెలిపించాయి, 2024లో మళ్ళీ ట్రంప్ వైపు తిరిగాయి. అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాలకు కేటాయించిన ఎలక్టోరల్ ఓట్లు, ఈ మూడింటికీ కలిపి అవి 44. గెలుపుకు కావలసినవి 270. పార్టీ కార్యకర్తలను ఉర్రూతలూగించే నాయకులు చాలామంది ఉంటారు. అటూ ఇటూ ఊగే ఈ రాష్ట్రాల్లో మామూలు ఓటరును కూడా ఒప్పించగలిగేవాళ్ళు తక్కువ.

ముందు రిపబ్లికన్ల సంగతి. 1951లో అమల్లోకి వచ్చిన 22వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదు. ట్రంప్ రెండుసార్లు గెలిచారు కాబట్టి ఆయన తర్వాత ఎవరన్నదే ప్రశ్న. అందరి చూపూ ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ మీద ఉంది. వయసు నలభై దాటింది అంతే. పార్టీకి నిధులు సేకరించే బాధ్యత కూడా ఆయన చేతిలోనే ఉంది, కాబట్టి విరాళాలిచ్చే పెద్దలందరితో పరిచయం ఏర్పడుతుంది. వాన్స్ పోటీ చేస్తే తాను ఆయనకే మద్దతిస్తానని విదేశాంగ మంత్రి మార్కో రూబియో కూడా అన్నారు. అంటే ఇంట గెలవడం వాన్స్‌కు పెద్ద కష్టం కాకపోవచ్చు.

రచ్చ దగ్గరే ఉంది చిక్కు. ఉపాధ్యక్ష పదవిలో ఉంటూ 1836లో మార్టిన్ వాన్ బ్యూరెన్ అధ్యక్షుడిగా గెలిచారు. ఆ తర్వాత 1988లో జార్జ్ బుష్ సీనియర్. మధ్యలో 152 ఏళ్ళలో అలా గెలిచినవారు ఒక్కరూ లేరు. 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 2000లో అల్ గోర్, 2024లో కమలా హ్యారిస్ ఆ పదవిలో ఉంటూనే పోటీ చేసి ఓడిపోయారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. అధ్యక్షుడి తప్పులన్నీ ఉపాధ్యక్షుడి ఖాతాలో పడతాయి. అవి నావి కావు అంటే సొంత పార్టీ ఊరుకోదు, నావే అంటే బయటి ఓటరు ఊరుకోడు.

2024 అక్టోబర్‌లో ఒక టీవీ కార్యక్రమంలో కమలా హ్యారిస్‌ను ఒక చిన్న ప్రశ్న అడిగారు. ఈ నాలుగేళ్ళలో బైడెన్ చేసినదానికి భిన్నంగా మీరైతే ఏం చేసి ఉండేవారు? ఏమీ గుర్తుకు రావడం లేదన్నారామె. ఎన్నికకు ఇంకా నెల రోజులే ఉంది. ధరల మీద జనం కోపంగా ఉన్నారు. రిపబ్లికన్లు ఆ ఒక్క జవాబును ప్రచార ప్రకటనల్లో పదే పదే వాడుకున్నారు. 2028లో అదే ప్రశ్న వాన్స్ ముందుకు వస్తుంది. సుంకాల గురించి, ధరల గురించి, వలసదారుల మీద దాడుల గురించి అడుగుతారు. ఆయన జవాబు ఎలా ఉంటుందన్నదాన్ని బట్టే ఆయన బలం తేలుతుందని నా నమ్మకం.

ఇక డెమొక్రాట్ల వైపు పోటీదారులు ఎక్కువ. వాళ్ళ నిబంధనలు కూడా పోటీని సాగదీసేవే. ఒక రాష్ట్రంలో 15 శాతం ఓట్లు దాటినవాళ్ళందరికీ దామాషాలో డెలిగేట్లు వస్తారు. రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాల్లో మొదటి స్థానంలో నిలిచినవాళ్ళకే మొత్తం దక్కుతుంది. అందుకే అక్కడ త్వరగా తేలిపోతుంది, ఇక్కడ నెలల తరబడి నడుస్తుంది.

సర్వేల్లో ఎక్కువగా వినిపిస్తున్న పేరు కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్. ట్రంప్‌తో నేరుగా తలపడే నాయకుడు కావాలని డెమొక్రటిక్ కార్యకర్తలు కోరుకుంటున్న సమయంలో ఆయన ముందుకు దూకారు. టెక్సాస్‌లో రిపబ్లికన్లు తమకు అనుకూలంగా నియోజకవర్గాల సరిహద్దులు మారిస్తే, కాలిఫోర్నియాలో తామూ మారుస్తామంటూ 2025 నవంబర్‌లో ప్రజల ముందు ప్రతిపాదన పెట్టి నెగ్గారు. ధైర్యం ఉంది, మాట ఉంది. కానీ కాలిఫోర్నియా నుంచి ఇంతవరకు ఒక్క డెమొక్రాట్ కూడా అధ్యక్షుడు కాలేదు. నిక్సన్, రీగన్ ఇద్దరూ రిపబ్లికన్లే. ఆకాశాన్నంటే ఇళ్ళ ధరలు, వీధుల్లో గుడారాలు వేసుకుని బతికే నిరాశ్రయులు, ఇవన్నీ ఆయన ప్రత్యర్థులకు సిద్ధంగా ఉన్న ప్రకటనలు. విస్కాన్సిన్‌లో పాడిరైతును ఆయన ఎలా ఒప్పిస్తారో నాకైతే అంతుపట్టడం లేదు.

నేను ఎక్కువ శ్రద్ధగా గమనిస్తున్నది పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపీరోని. 2022లో ఆయన ఆ రాష్ట్రంలో దాదాపు 15 శాతం తేడాతో గెలిచారు. అంత పోటాపోటీగా ఉండే రాష్ట్రంలో అది మామూలు గెలుపు కాదు. 2023 జూన్ 11న ఫిలడెల్ఫియాలో ఒక పెట్రోలు ట్యాంకర్‌కు మంటలంటుకుని ఐ-95 జాతీయ రహదారి వంతెన కూలిపోయింది. రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు వెళ్ళే దారి అది. బాగుచేయడానికి నెలలు పడుతుందన్నారు. షపీరో అత్యవసర పరిస్థితి ప్రకటించి అనుమతుల తతంగాన్ని పక్కన పెట్టించారు. పాత సీసాల గాజును నురగలా పొంగించి తయారుచేసిన తేలికపాటి గులకతో ఆ ఖాళీని పూడ్చారు. కార్మికులు రాత్రింబవళ్ళు పనిచేశారు, ఆ పని ప్రత్యక్ష ప్రసారంలో జనమంతా చూశారు. 12 రోజుల్లో దారి తెరుచుకుంది. ప్రభుత్వం వల్ల ఏ పనీ కాదని విసిగిపోయిన ఓటరుకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. అయితే ఆయనకు ఇల్లు గెలవడమే కష్టం. గాజా యుద్ధం మీద డెమొక్రటిక్ పార్టీ నిలువునా చీలింది. ఇజ్రాయెల్‌కు దగ్గరివాడన్న పేరు యువ కార్యకర్తల్లో ఆయనకు అడ్డు.

కెంటకీ గవర్నర్ ఆండీ బెషీర్‌ను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ట్రంప్ భారీ మెజారిటీతో గెలిచే రాష్ట్రంలో ఆయన 2019లో, 2023లో రెండుసార్లు నెగ్గారు. దేశమంతటా పేరు తెలియకపోవడమే లోటు. 1976లో అధ్యక్షుడిగా గెలిచిన జిమ్మీ కార్టర్ పేరు కూడా అంతకుముందు పెద్దగా ఎవరికీ తెలియదు.

బైడెన్ ప్రభుత్వంలో రవాణా మంత్రిగా పనిచేసిన పీట్ బుటిజజ్ మాటకారి. 2020లో అయోవాలో జరిగిన తొలి పోటీలో డెలిగేట్ల లెక్కలో అతి స్వల్ప తేడాతో అందరికన్నా ముందు నిలిచారు. కానీ నల్లజాతి ఓటర్లు సగానికి పైగా ఉండే సౌత్ కరోలినా ప్రైమరీలో వెనకబడిపోయారు. అదే సౌత్ కరోలినాలో, మొదటి పోటీల్లో నాలుగు, ఐదు స్థానాలకు దిగజారిన బైడెన్ లేచి నిలబడ్డారు. నల్లజాతి ఓటర్ల మనసు గెలవకుండా డెమొక్రటిక్ నామినేషన్ అందదు. ఆ విషయంలో హ్యారిస్‌కు ఇప్పటికీ పట్టుంది. కానీ ఒకసారి ఓడిన అభ్యర్థికి మళ్ళీ అవకాశం ఇవ్వాలా అన్న సందేహం పార్టీలో బలంగా ఉంది. న్యూయార్క్ నుంచి దిగువ సభకు ఎన్నికైన అలెగ్జాండ్రియా ఒకాసియో కోర్టెజ్ సభలకు జనం విరగబడి వస్తారు. ఆమె ఇంట గెలవగలరు, రచ్చ గెలుస్తారని మాత్రం అనుకోలేను.

మన తెలుగువాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. వాన్స్ భార్య ఉష గారి తల్లిదండ్రుల మూలాలు ఆంధ్రాలో ఉన్నాయి. 2024 నవంబర్‌లో పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో సంబరాలు చేసుకున్నారు. ఆ సంతోషం సహజమే, నాకూ కలిగింది. కానీ ఆంధ్రా అల్లుడన్న మురిపెం వీసా దగ్గర పనికిరాదు. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ 2025 సెప్టెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చింది ఆయన ఉపాధ్యక్షుడిగా ఉన్న ప్రభుత్వమే. మనవాడా కాదా అన్నది కాకుండా, వలస మీద ఏం చెబుతున్నారు, చదువుకోవడానికి వచ్చిన పిల్లల గురించి ఏం చెబుతున్నారు అని చూడాలి. ఈ పని డెమొక్రాట్ల విషయంలోనూ చేయాలి. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే వరుసను వాళ్ళ ప్రభుత్వాలు కూడా తగ్గించలేకపోయాయి.

అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువాళ్ళ ఓటు చిన్నదేమీ కాదు. 2020లో జార్జియా రాష్ట్రాన్ని తేల్చిన తేడా 11,779 ఓట్లు. అట్లాంటా శివార్లలోని జాన్స్ క్రీక్, ఆల్ఫరెటా, కమింగ్ ప్రాంతాల్లో మనవాళ్ళు ఎందరున్నారో మీకు తెలుసు. అయితే మనవాళ్ళలో చాలామంది నవంబర్ ఓటు గురించే ఆలోచిస్తారు. నవంబర్ నాటికి మిగిలేది ప్రధానంగా ఇద్దరే. పది పదిహేను మందిలోంచి ఆ ఇద్దరినీ ఎంచేది ప్రైమరీలు. జార్జియా, టెక్సాస్‌లలో ఏ పార్టీ ప్రైమరీలోనైనా ఓటు వేయవచ్చు, ముందుగా పార్టీ పేరు నమోదు అక్కర్లేదు. పెన్సిల్వేనియా, ఫ్లోరిడాలలో అలా కాదు, గడువులోగా ఆ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలి. అక్కడ ఓటు హక్కు ఉన్న మీ పిల్లలతో, బంధువులతో ఈసారి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, ప్రైమరీకి పేరు నమోదు చేసుకున్నారా అని అడగండి.

సెలవు.