ప్రతి బీటుకీ కట్ ఎందుకు?

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం చాలా పెద్దది: ఏ రకం సంగీతానికి ఏ రకం వీడియో పద్ధతి. డాన్స్ పాప్, హిప్‌హాప్, మెటల్, ఎలక్ట్రానిక్, నెమ్మది పాటలు అని వరస రాసుకునే వచ్చాను. అయితే ఇవాళ నేనిక్కడ నిలబడటానికి అసలు కారణం వేరే ఉంది, అది ముందే చెప్పేస్తాను. పాట ఏదైనా సరే, బీటు పడిన ప్రతిచోటా షాట్ మార్చే అలవాటు మంచి మంచి వీడియోలను చంపేస్తోంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బీట్లు గుర్తుపట్టే మీట ఉంటుంది. దాన్ని నొక్కడం, గుర్తు పడిన చోటల్లా కోసేయడం. ఆ పాటలో ప్రాణం ఎక్కడుందో ఆ మీటకేం తెలుసు?

డాన్స్ పాటలో ప్రాణం ఒంట్లో ఉంటుంది. అందుకే అక్కడి పద్ధతి తల నుంచి పాదం దాకా మనిషంతా కనిపించడం. పాత హాలీవుడ్ సినిమాల డాన్సర్ ఫ్రెడ్ ఆస్టైర్ తన నాట్యాన్ని నిండు ఫ్రేములోనే, వీలైనంత తక్కువ కట్లతో తీయాలని సినిమాల్లో పట్టుబట్టేవాడు. కొరియన్ పాప్ బృందాలు ఈనాటికీ అసలు వీడియోతో పాటు, కదలని కెమెరాతో ఒకే షాట్‌లో తీసిన ప్రాక్టీస్ వీడియో విడిగా విడుదల చేస్తాయి. ఎందుకంటే చూసేవాళ్లకు వరసలు మారడం కనబడాలి, పల్లవిలో వచ్చే ముఖ్యమైన స్టెప్పు నేర్చుకోవడానికి వీలుండాలి. కెమెరా నడుము ఎత్తులో పెట్టండి. పాదాల కింద కాస్త నేల వదలండి. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక ఎయిట్ కౌంట్ అంటే, ఎనిమిది బీట్ల డాన్స్ ముక్క, 4 సెకన్లు; సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 96 ఫ్రేములు. ఆ 96 ఫ్రేములూ డాన్సర్‌వి. మధ్యలో మొహం క్లోజప్ పెడితే గెంతు గాలిలోనే ఉండిపోతుంది, కాళ్లు నేలమీద ఆనిన క్షణం ఎవరికీ దక్కదు.

హిప్‌హాప్‌కి వస్తే ప్రాణం నోట్లో ఉంది. ర్యాపర్ సూటిగా లెన్సు కళ్లలోకి చూస్తాడు, చెయ్యి మన మీదకు విసురుతాడు. కెమెరా కింద నుంచి పైకి చూస్తుంది. 1990ల్లో వీడియో దర్శకుడు హైప్ విలియమ్స్ చేప కన్ను (ఫిష్‌ఐ) లెన్సుతో ఈ పద్ధతిని ఎంత బలంగా నాటాడంటే, ఇప్పటికీ అందరూ దాన్నే ఎత్తుకుంటున్నారు. ఎత్తుకునేటప్పుడు ఒకటి మరిచిపోతారు: ఆ లెన్సు అంచుల దగ్గర అన్నిటినీ వంచేస్తుంది. మొహం నడిమధ్యలో ఉండాలి, అంచులకు చేతులు మాత్రమే వెళ్లాలి. లిప్ సింక్, అంటే పాటకు పెదవులు కలవడం, సరిగ్గా ఉందో లేదో చూడటానికి ప, బ, మ అక్షరాలు వెతకండి. అవి వినబడే చోట పెదవులు మూసుకుని ఉండాలి. తెరుచుకుని ఉంటే ఎడిటింగ్ తప్పు.

లిప్ సింక్ మాట వచ్చింది కాబట్టి, జాబితా కాసేపు పక్కన పెడతాను. శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, మనకు తెలిసిపోతుంది. వెనకబడితే మాత్రం సుమారు 125 దాకా గమనించం. లోకంలో ఎక్కడైనా ముందు కనబడుతుంది, తర్వాత వినబడుతుంది కదా, కంటికీ చెవికీ ఆ వరస అలవాటు. 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము 42 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో శబ్దం 14 మీటర్లు పోతుంది. గాయని పెదవులు కలపడానికి పక్కన స్పీకర్లో పాట వేసి, 35 మీటర్ల దూరం నుంచి జూమ్ లెన్సుతో తీశారనుకోండి. కెమెరా మైకుకి పాట రెండున్నర ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. ఎడిటింగ్‌లో అసలు పాటని ఆ మైకు ధ్వనితో కలిపితే పెదవులు ముందూ పాట వెనకా అవుతాయి. దూరపు షాట్లలో పాట ఆ మేరకు ముందే మొదలయ్యేలా జరపాలి. పాటకు ముందు రెండు బార్ల (బారుకు నాలుగు బీట్లు) క్లిక్కులు పెట్టుకోకపోతే మొదటి మాట ఎప్పుడూ తప్పుతుంది, ఇది రాసిపెట్టుకోండి!

నెమ్మది పాటలో ప్రాణం మొహంలో ఉంటుంది. 1990లో ఐరిష్ గాయని షినేడ్ ఓకానర్ 'నథింగ్ కంపేర్స్ 2 యూ' వీడియోలో చాలాసేపు ఒక్క మొహమే. కన్నీరు జారుతుంటే కట్ వేయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుందా? ఇక్కడ స్లో మోషన్‌లో పెదవులు కలపడం మామూలు పద్ధతి. సెకనుకు 48 ఫ్రేములు తీయాలి, సెట్లో పాటని రెండింతల వేగంతో వేయాలి, శ్రుతి మాత్రం మారకుండా చూడాలి, లేకపోతే పాడేవాళ్లు తడబడతారు. దాన్ని సెకనుకు 24 ఫ్రేములకు దించి చూపితే పెదవులు సరిపోతాయి, జుట్టూ బట్టలూ నీళ్లలో ఉన్నట్టు తేలతాయి. ర్యాప్‌కి ఇదే చేయబోతే మాటలు ఒకదాని మీదొకటి పడిపోతాయి. అక్కడ 30 ఫ్రేములు, ఒకటింపావు వేగం చాలు.

మెటల్‌లో ప్రాణం చేతుల్లో. నిమిషానికి 200 బీట్ల పాటలో డబుల్ కిక్ డ్రమ్ము బీటుకు నాలుగేసి పడితే ఒక్కో దెబ్బకు రెండు ఫ్రేములు కూడా రావు. మామూలుగా వాడే 180 డిగ్రీల షట్టర్‌తో, అంటే ఫ్రేములో సగం సేపు వెలుతురు పడనిస్తే, కర్రలూ వేళ్లూ అలుక్కుపోతాయి. 90కి, అవసరమైతే 45కి దించండి, వెలుతురు ఆ మేరకు పెంచుకోండి. డ్రమ్మర్ వాయించడం మొదలుపెడితే ప్లేబ్యాక్ స్పీకర్ వినబడదు, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాలి. గిటార్ సోలోని చేతి వేళ్లే కనబడేలా విడిగా తీయండి. గిటార్ తెలిసినవాళ్లు గిటార్ మెడ మీద, తీగలు నొక్కే చోట, వేళ్లు ఎక్కడున్నాయో చూస్తారు, తప్పు స్వరం మీద ఉంటే క్షమించరు. మరి ఆ సోలోని బీటుకో ముక్కగా కోస్తే ఏం మిగిలింది?

ప్రతి బీటుకీ కట్ అనేది కాస్తో కూస్తో నప్పేది ఎలక్ట్రానిక్ సంగీతానికే. అక్కడ తరచూ పాడే మనిషే ఉండడు. అక్కడా లెక్క తప్పుతున్నారు. 128 బీట్ల పాటలో బీటుకు 11.25 ఫ్రేములు. ప్రతిసారీ 11 లెక్కన కోసుకుంటూ పోతే 16 బీట్లు తిరిగేసరికి 4 ఫ్రేములు ముందుంటారు. బీటు సంఖ్యని 11.25తో గుణించి, పాట మొదటి నుంచి లెక్కపెట్టి, అప్పుడు దగ్గరి ఫ్రేముకి సర్దాలి. డ్రాప్, అంటే ఊపు పెంచుకుంటూ వచ్చి బీటు ఒక్కసారిగా విరుచుకుపడే చోటు, దాని ముందు షాట్ నిడివి నాలుగు బార్లు, రెండు, ఒకటి, అర అని తగ్గించుకుంటూ వచ్చి, డ్రాప్ పడగానే విశాలమైన షాట్‌కి తెరిచి వదిలేయండి. ఇంకొక్క మాట, దయచేసి వినండి. సెకనుకు మూడుకంటే ఎక్కువ మెరుపులు మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం. 128లో బీటుకొక మెరుపైతే సెకనుకు 2.1, ఫరవాలేదు. అరబీటుకొకటి చేశారంటే 4 దాటిపోతుంది. చెయ్యకండి.

ఇప్పుడు లైట్లు ఆర్పమంటున్నాను. 32 బీట్ల డాన్స్ ముక్క రెండుసార్లు వేస్తాను. మొదటిదాంట్లో 32 షాట్లు, రెండోదాంట్లో 4. రెండుసార్లూ పాదాలే చూడండి. మూడో ఎయిట్ కౌంట్‌లో ఒక గెంతు ఉంది. అది ఏ కాలి మీద దిగిందో నాకు చెప్పండి.